ఎడమ మణికట్టుకు అంగుళం పైన

పంకజాక్షికి ఉద్యోగం వచ్చింది. మోక అనే పల్లెలో కొత్తగా పెట్టిన ఆడపిల్లల బడికి ఆమెను టీచరుగా తీసుకుంటున్నట్టు కాగితం వచ్చిన రోజు, బళ్ళారి బజారులో ఇత్తడి సామాన్ల అంగడి నడిపే ఆమె భర్త రామచంద్ర వీధి మొత్తానికి బెల్లం, పుట్నాలు పంచాడు. వీధివాళ్ళు మర్యాదస్తులు. ఆడమనిషికి ఉద్యోగం ఏం ఖర్మ అనే మాటను పుట్నాలు నమిలి మింగిన తర్వాతే ఎత్తారు.

ఇక మిగిలింది చిన్న పని. ఒక అర్జీ నింపి, ఎస్సెల్సీ సర్టిఫికెట్టు జతచేసి కచేరీలో ఇచ్చి రావాలి. అయిదు నిమిషాల పని అన్నారు అందరూ. ఆ అయిదు నిమిషాలూ యాభై ఎనిమిదో సంవత్సరం జూన్ రెండో వారంలో మొదలయ్యాయి.

కచేరీలో ఆ పని చూసే గుమాస్తా పేరు గురురాజ. కోపమంటే ఎరగని మనిషి. ఎవరి మీదా కేకలు వేయడు, ఎవరినీ విసుక్కోడు. కుర్చీ చూపించి, మంచినీళ్ళు కావాలా అని అడిగి, ఆ తర్వాత తిప్పి పంపుతాడు. ఆయన పంకజాక్షి అర్జీని ఒక చేత్తో, సర్టిఫికెట్టును ఇంకో చేత్తో పట్టుకుని, కూడబలుక్కుని వచ్చిన ఇద్దరు సాక్షుల్ని చూసినట్టు మార్చి మార్చి చూశాడు.

"అమ్మా, ఒంటి మీద గుర్తులు అనే కాడ మీరేమీ రాయలేదే?"

"ఏమీ లేవు సార్. నాకు పుట్టుమచ్చలు లేవు."

"ల్యావా?" గురురాజ మనసారా బాధపడ్డాడు. "మరి ఈ సర్టిఫికెట్టులో ఉండాదే. ఎడమ మణికట్టుకు అంగుళం పైన నల్లటి పుట్టుమచ్చ అని. ఎంత స్పష్టంగా ఉండాదో చూడండి."

పంకజాక్షి ఎడమ చెయ్యి తిప్పి చూసుకుంది. తెల్లగా, నున్నగా, ఏ మచ్చా లేకుండా ఉంది. ఆ సర్టిఫికెట్టు ఏడేళ్ళుగా పెట్టె అడుగున పట్టుబట్టల మధ్య పడి ఉంది. దాన్ని తీసినప్పుడల్లా మార్కులు చూసుకుని మురిసిపోయిందే గానీ, అందులో తన మచ్చలు కూడా ఉంటాయని ఆమెకు ఎన్నడూ తోచలేదు.

ఆ మచ్చను ప్రసాదించినవాడు హెడ్మాస్టరు రాజగోపాలయ్య. చాలా నిష్ఠాపరుడు. ఆ సంవత్సరం మగపిల్లల్ని వరుసగా నిలబెట్టి, చొక్కాలు విప్పించి, ఎవరికి ఎక్కడ మచ్చ ఉందో, ఎక్కడ గాయం మానిన గుర్తుందో అంగుళాలతో సహా రాయించాడు. ఆడపిల్లలు తొమ్మిది మంది. పరాయి ఆడపిల్లల వైపు తేరిపార చూడడం పాపం కాబట్టి, ఆయన కళ్ళు దించుకుని, తొమ్మిది మందికీ ఎడమ మణికట్టుకు అంగుళం పైన తలా ఒక పుట్టుమచ్చ దయచేశాడు. మిగిలిన ఎనిమిది మందికి దానివల్ల ఇబ్బందేమీ కలగలేదు. వాళ్ళు ఉద్యోగాలు అడగలేదు, పెళ్ళిచూపుల్లో ఎవరూ సర్టిఫికెట్టు తెమ్మనలేదు. పోనీ రాజగోపాలయ్యనే పిలిచి అడుగుదామంటే, ఆయన రెండేళ్ళ కిందటే ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేని చోటికి వెళ్ళిపోయాడు.

"అది హెడ్మాస్టరుగారు పొరపాటుగా రాసినారు సార్," అంది పంకజాక్షి.

"పొరపాటెట్ల అవుతాదమ్మా? ముద్ర ఉండాది కదా!" గురురాజ ఆ ముద్రను వేలితో ఆప్యాయంగా తడిమాడు. "అప్పుడు మన బళ్ళారి మద్రాసు కింద ఉండె. మద్రాసు గవర్మెంటు మీకు మచ్చ ఉండాదని ఒప్పుకునింది. ఇప్పుడు మనం మైసూరు కింద ఉండాం. మైసూరు గవర్మెంటు చూస్తే మచ్చ ల్యాదు. అంటే ఈ నడుమ మచ్చ యాడికో పోయింది. యాడికి పోయిందని నేను రాసేది?"

"నేను అదే పంకజాక్షిని సార్. బజారులో ఎవరినైనా అడగండి."

"నాకు గొత్తు లేదా అమ్మా, మీరెవరో తెలీదా? మా ఇంట్లో బిందె మీ ఆయన అంగట్లోదే. కానీ నాకు గొత్తుంటే ఏం లాభం? ఫైలుకు గొత్తుండల్ల," అని గురురాజ లేచి నిలబడి మరీ ఆమెను సాగనంపాడు.

ఇంట్లో ఈ సంగతి చెప్తే రామచంద్ర సగం విని నవ్వాడు. అతనికి ఉపాయాలు తొందరగా తోస్తాయి. సంగతి పూర్తిగా వినకముందే తోస్తాయి.

"ఇంతేనా పంకజా? మచ్చ కావాలంటే మచ్చ పెడదాం, ఏం పోయింది!"

అంగట్లోంచి అడుగుబద్ద తెచ్చాడు. మణికట్టు ఎముక దగ్గర్నుంచి అంగుళం కొలిచాడు. కాటుకలో రెండు చుక్కల ఆముదం కలిపి, అగ్గిపుల్ల కొనతో, నాలుక బయటపెట్టి, కంసాలి పనితనం చూపించాడు. మచ్చ అద్భుతంగా కుదిరింది. పుట్టుకతో వచ్చినవాటికి కూడా అంత గుండ్రదనం ఉండదు.

మరునాడు గురురాజ దాన్ని చూసి ముఖమంతా విప్పార్చుకున్నాడు.

"సంతోషం అమ్మా, మచ్చ దొరికింది!"

దొరికిందని ఒప్పుకుంటూనే, తపాలా బిళ్ళలు తడపడానికి బల్ల మీద ఉంచుకున్న తడి స్పంజి డబ్బాను ఆమె వైపు జరిపాడు.

"ఒక్కసారి దీనితో తుడవండమ్మా. నా కోసం కాదు. ఫైలు కోసం."

పంకజాక్షి తుడిచింది. మచ్చ చేతి మీద నుంచి స్పంజి మీదికి బదిలీ అయింది. గురురాజ డబ్బా తీసుకుని బయటికి వెళ్ళి, స్పంజిని తనే కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. ఆయన తిట్టి ఉంటే ఆమె తిరిగి ఒక మాట అనగలిగేది. ఇల్లు చేరేదాకా పంకజాక్షికి చెవులు మండుతూనే ఉన్నాయి. టీచరు ట్రైనింగులో జిల్లాకు రెండోదానిగా వచ్చిన మనిషి, కాటుక చుక్కతో దొంగలా పట్టుబడింది.

ఇంట్లో ఇదంతా ఒక మూల కూర్చుని చూస్తున్న మనిషి ఇంకొకరున్నారు. ఆమె అత్తగారు సరస్వతమ్మ.

సరస్వతమ్మకు ముంజేతులు రెండూ పచ్చబొట్లే. కుడిచేతి మీద రథం, ఎడమచేతి మీద తులసికోట, మోచేతి దాకా మల్లెమొగ్గల తీగ. అయిదేళ్ళ కిందట కోడలు కాపురానికి వచ్చిన కొత్తలో, నీకూ చిన్నదేదైనా పొడిపిద్దామమ్మా అని ఆమె ముచ్చటపడి అడిగితే, చదువుకున్నదాన్ని, నాకవన్నీ వద్దత్తా అంది పంకజాక్షి. సరస్వతమ్మ అప్పుడేమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడం అయిదేళ్ళుగా, ఒక్క రోజు కూడా తప్పకుండా, సాగుతూ వచ్చింది.

ఇప్పుడు ఆమె వక్కపలుకు నోట్లో వేసుకుని, నేతిలో ముంచి తీసినంత మెత్తగా అడిగింది.

"ఉచ్చెంగమ్మకు కబురు పంపేదామ్మా? తుడిస్తే పోని మచ్చ కావల్లంటే ఆయమ్మనే పెట్టల్ల." కాసేపు నమిలి, "మీ గవర్మెంటుకూ నాకూ ఒకే బుద్ధి ఉన్నట్లుండాదే. చేతి మీద ఏదో ఒకటి ఉంటేనే మనిషంట," అంది.

పంకజాక్షి రెండు రోజులు ఆలోచించింది. మూడో రోజు, "పంపండత్తా," అంది. ఆ ఒక్క మాటకు సరస్వతమ్మ వయసు పదేళ్ళు తగ్గింది.

ఉచ్చెంగమ్మకు అరవై దాటి ఉంటాయి. కౌల్‌బజారు చివర ఉంటుంది. సూదుల డబ్బా చంకలో పెట్టుకుని నలభై ఏళ్ళుగా ఈ చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరుగుతోంది. ఆమె మనుషుల ముఖాలు చూడదు, చేతులు చూస్తుంది. వచ్చీ రాగానే సరస్వతమ్మ చెయ్యి పట్టుకుని, తను ఎప్పుడో పొడిచిన రథాన్ని పరీక్షించి, "చక్రం ఇంకా తిరుగుతాండాది, బాగుండావు," అని క్షేమసమాచారం ముగించింది. ఆ తర్వాత పంకజాక్షి వైపు తిరిగింది.

"చెప్పు చిన్నమ్మా. ఏం కావల్ల?"

పంకజాక్షి ముందే అంతా కాగితం మీద రాసి పెట్టుకుంది. "ఒక్క చుక్క. ఎడమ మణికట్టుకు అంగుళం పైన. కందిగింజంత. నల్లగా, పుట్టుమచ్చ మాదిరి ఉండల్ల."

ఉచ్చెంగమ్మ డబ్బా మూత తెరవబోయి మళ్ళీ నొక్కేసింది.

"పుట్టుమచ్చ ఆ బ్రహ్మ పెట్టేది. ఆయన పని నేను చేయను, నా పని ఆయన చేయడు. ఇంకొకటి చెప్తా విను. పొడిచినప్పుడు నల్లగా ఉంటాది. చర్మం కిందికి దిగినాక పచ్చగా అవుతాది. అందుకే దాన్ని పచ్చ అనేది. నల్లగా ఉండల్లంటే బొగ్గు పూసుకో."

"కాటుక పూసుకుంటే స్పంజితో తుడిపించినారు," అంది పంకజాక్షి నీరసంగా.

అంగడికి పోకుండా తలుపు దగ్గర నిలబడ్డ రామచంద్రకు ఇంకో ఉపాయం తోచింది. "చుక్క వద్దంటే ఇంగ్లీషులో రెండక్షరాలు పొడువు. పి, ఆర్. పంకజాక్షి రామచంద్ర. కచేరీలో గౌరవంగా ఉంటుంది."

"నాకు అక్షరాలు రావు నాయనా. నాకు రానిదాన్ని ఇంకొకరి చర్మం మీద నేర్చుకోను," అంది ఉచ్చెంగమ్మ.

"రథం పొడువు," అంది సరస్వతమ్మ. "నా రథం మాదిరి."

"రథానికి చెయ్యి వెడల్పుగా ఉండల్ల. ఈ చెయ్యి సన్నం. దీని మీద రథం పొడిస్తే ఎడ్లబండి అవుతాది."

అని ఆమె పంకజాక్షి చెయ్యి తన ఒడిలోకి తీసుకుంది. బొటనవేలితో నరాల మీద నొక్కి చూసింది. పిడికిలి మూయమంది, తెరవమంది. అరచెయ్యి కిందికి తిప్పింది, పైకి తిప్పింది. ఎండలోకి జరిపింది. బియ్యం కొనేవాళ్ళు కూడా అంతసేపు చూడరు.

"ఈ చేత్తో ఏం చేస్తావు?"

"ఏం చేస్తాను? అందరూ చేసే పనులే."

"అది కాదు. బళ్ళో ఏం చేస్తావు ఈ చేత్తో?"

పంకజాక్షి తడుముకుంది. "కుడిచేత్తో నల్లబల్ల మీద రాస్తాను. ఎడమ చేత్తో పుస్తకం పట్టుకుంటాను."

"ఎట్ల పట్టుకుంటావో చూపించు."

పంకజాక్షి గూట్లోంచి పంచాంగం తీసి, పాఠం చెప్తున్నట్టు గుండెల ఎత్తున పట్టుకుంది. ఉచ్చెంగమ్మ లేచి నాలుగడుగులు వెనక్కి వెళ్ళి, నేల మీద పిల్లలు కూర్చునే చోట కూర్చుంది. అక్కడి నుంచి తల ఎత్తి చూసింది.

"ఈడికి చెయ్యి వెలుపలి పక్క కనపడుతుంది. అంటే బొమ్మను చూసేది నువ్వు కాదు, పిల్లోళ్ళు. తల వాళ్ళ పక్క తిరిగి ఉండల్ల. లేకుంటే వాళ్ళకు రోజంతా తలకిందుల బొమ్మ."

పంకజాక్షి పంచాంగం దించింది. ఉద్యోగం కాగితం వచ్చి నెల అయింది. జీతమెంత అని అడిగినవాళ్ళున్నారు, బస్సులో మగవాళ్ళ పక్కన ఎలా కూర్చుంటావని అడిగినవాళ్ళున్నారు, మచ్చ ఎక్కడని అడిగినవాళ్ళున్నారు. బళ్ళో నిలబడి ఏం చేస్తావని అడిగిన మొదటి మనిషి ఈమె.

"సరే అవ్వా. నువ్వే చెప్పు. ఏం పొడుస్తావు?"

"ఇప్పుడే చెప్పేకి కాదు. వచ్చే సోమవారం వస్తా. ఈ చేతికి ఏది కూర్చుంటాదో నేను చూసుకోవల్ల," అని ఉచ్చెంగమ్మ డబ్బా చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. మైసూరు రాష్ట్రంలో ఫైళ్ళు ఎందుకు కదలవో పంకజాక్షికి తెలుసు. పచ్చబొట్టు కూడా ఫైలే అని ఆరోజు తెలిసింది.

సోమవారం ఉచ్చెంగమ్మ నిర్ణయం చేసుకునే వచ్చింది.

"తేలు."

"తేలా?" పంకజాక్షి చెయ్యి వెనక్కి లాక్కుంది. "టీచరు చేతి మీద తేలేంది అవ్వా? సీతమ్మో, చిలకో, ఏదైనా మంచిది..."

"చిలక యాడికన్నా ఎగిరిపోతాది. నువ్వు పొయ్యేది మోకకు. నల్లరేగడి నేల. రాయి ఎత్తితే తేలు, మోపు దించితే తేలు. ఆడి ఆడోళ్ళు దాన్ని రోజూ చూస్తారు, మనది అనుకుంటారు. సీతమ్మను పొడిస్తే, పట్నం నుంచి ఎవరో వచ్చినాదిలే అని దూరంగా నిలబడతారు."

"చిన్నదిగా పొడువు అయితే. చింతగింజంత."

"చింతగింజంత తేలును యాడన్నా చూసినావా చిన్నమ్మా? దాన్ని చీమ అంటారు."

బేరం సాగింది. పంకజాక్షి అంగుళం దగ్గర మొదలుపెట్టింది, ఉచ్చెంగమ్మ నాలుగంగుళాల దగ్గర. మధ్యలో సరస్వతమ్మ, తేలు పక్కనే ఒక తులసికోట ఉంటే శుభప్రదమని ప్రతిపాదించి, ఎవరూ పట్టించుకోకపోవడంతో కాఫీ పెట్టడానికి లేచింది. చివరికి తోక కొసతో కలిపి రెండంగుళాల దగ్గర తెగింది. తేలు నడుము మాత్రం సరిగ్గా మణికట్టుకు అంగుళం పైన పడాలని పంకజాక్షి పట్టుబట్టింది. "అట్లే. నీ గుమాస్తాను కొలుచుకోమను," అంది ఉచ్చెంగమ్మ.

పొద్దున పనులయ్యాక పెరటి వసారాలో కూర్చున్నారు. ఉచ్చెంగమ్మ ఆముదం దీపం మీద బోర్లించి పట్టిన మసిని గుంటగలగరాకు రసంలో నూరింది. చీపురుపుల్ల కొనతో ముందుగా ఒకే ఒక నల్లటి చుక్క పెట్టింది. "ఇది నడుము. దీన్నుంచే అంతా నడుస్తాది," అంది. ఆ చుక్క చుట్టూ ముందరి డెక్కలు, కాళ్ళు, పైకి వంగిన తోక గీసింది. తర్వాత దారంతో కలిపి కట్టిన మూడు సూదులు తీసింది.

రక్తం చూడలేని రామచంద్రకు అంగట్లో చాలా పని ఉందని గుర్తొచ్చింది.

మొదటి పోటుకే పంకజాక్షి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అరవకూడదని ముందే అనుకుంది కాబట్టి అరవలేదు. పళ్ళు బిగబట్టి, గోడ మీద తడిచారను చూస్తూ, గురురాజను తలుచుకుంది. రాజగోపాలయ్యను తలుచుకుంది. మద్రాసు ప్రభుత్వాన్నీ మైసూరు ప్రభుత్వాన్నీ విడివిడిగా తలుచుకుంది. డెక్కలు పూర్తయ్యేసరికి తలుచుకోవడానికి ఎవరూ మిగలలేదు. అప్పుడు చెయ్యి వైపు చూసింది.

చూడడం మొదలుపెట్టాక చూపు తిప్పుకోలేకపోయింది. ఉచ్చెంగమ్మ చేతిలో తొందర లేదు, తడబాటు లేదు. ఎడమ చేత్తో చర్మాన్ని లాగి పట్టుకుని, కుడిచేత్తో టకటకమని పొడుస్తూ, రక్తం కమ్మిన చోటల్లా గుడ్డతో అద్దుతూ, మధ్యమధ్య ఆగి, కళ్ళు చికిలించి, అంతవరకు చేసినదాన్ని తనే తప్పు పట్టడానికన్నట్టు చూస్తోంది. తోక వంపు దగ్గర, పొడిచే ముందు, గీతను రెండుసార్లు చెరిపి గీసింది.

సరస్వతమ్మ కోడలి భుజం మీద చెయ్యి వేసింది. "నేనైతే ఊరంతా వినపడేట్లు ఏడ్చినా. అప్పుడు నాకు తొమ్మిదేండ్లు. ఏ బొమ్మ కావల్లని నన్నెవరూ అడగలే," అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు వెతికింది పంకజాక్షి. దొరకలేదు.

పసుపు, ఆముదం రాసి పదిహేను రోజులు కాపాడారు. చెయ్యి వాచింది, వాపు తీసింది. పొక్కులు కట్టి రాలాయి. చివరికి నల్లటిది పోయి, ఆ చేతి మీద పచ్చటి తేలు ఒకటి, ఎదుటివాళ్ళ వైపు తల పెట్టి, తోక పైకెత్తి నిలబడింది. ఉచ్చెంగమ్మ వచ్చి చూసి, "కూర్చునింది," అని ఒక్క మాట అంది. సరస్వతమ్మ ఆమెకు తన పెళ్ళినాటి చీరల్లో ఒకటి తీసి ఇచ్చింది.

ఆగస్టు మొదటి వారంలో పంకజాక్షి మళ్ళీ గురురాజ ముందు కూర్చుంది. ఆయన చెయ్యి చూశాడు. కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకుని మళ్ళీ చూశాడు. అలవాటు ప్రకారం స్పంజి డబ్బా జరిపాడు. ఈసారి పంకజాక్షి బట్టలు ఉతికినంత గట్టిగా రుద్ది, స్పంజిని తెల్లగా ఉన్నది ఉన్నట్టు తిరిగి ఇచ్చింది.

"గట్టిదే," అని మెచ్చుకున్నాడు గురురాజ. "కానీ అమ్మా, ఇది తేలు."

"తేలే సార్."

"సర్టిఫికెట్టులో తేలు ల్యాదు. పుట్టుమచ్చ ఉండాది. పైగా నల్లటిది. ఇది పచ్చగా ఉండాది. కావాలంటే రెండో గుర్తు కింద దీన్ని రాసుకుంటా. మొదటి గుర్తు సంగతేంది? మచ్చ యాడ?"

పంకజాక్షి నోరు తెరిచింది. మచ్చ ఎప్పుడూ లేదు సార్ అని చెప్పబోయింది. ఆ నిజాన్ని ఈ గదిలో ఇప్పటికి ఎన్నిసార్లు చెప్పిందో, ప్రతిసారీ అది ఎలా కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు తాగి తిరిగి వచ్చిందో గుర్తొచ్చింది. ఆమె గురురాజ ముఖంలోకి సూటిగా చూసింది. పాపం, ఆయనకు నిజం అక్కర్లేదు. గుర్తుల గడిలో రాసుకోవడానికి ఒక వాక్యం కావాలి.

"మచ్చ తేలు కింద ఉంది సార్."

"కిందనా?"

"నడుము కింద. పచ్చబొట్టు సరిగ్గా దాని మీద పడింది. అందుకే కనపడదు."

గురురాజ ముఖం, కూతురికి సంబంధం కుదిరిన తండ్రి ముఖంలా వెలిగింది. ఆడమనిషి చెయ్యి తాకకూడదు కాబట్టి, అడుగుబద్ద ఆమెకే ఇచ్చి కొలవమన్నాడు. తేలు నడుము మణికట్టుకు అంగుళం పైన, వెంట్రుకవాసి తేడా లేకుండా ఉంది.

"చూసినారా? గవర్మెంటు ఊరికే రాయదు!" అన్నాడు. రెండు నెలల్లో ఆయన గొంతు పెంచడం అదే మొదటిసారి. "పచ్చబొట్టు పొడిచేకి ముందు ఆ తావున నల్లటి చుక్క ఉండె అని, పొడిచినామె వచ్చి వేలిముద్ర వేస్తే అయిపాయ. ఇంకేమీ అడగను."

అబద్ధం చెప్పడం పంకజాక్షికి తేలిగ్గానే వచ్చింది. ఉచ్చెంగమ్మ చేత చెప్పించడమే కష్టమనిపించింది. కౌల్‌బజారుకు వెళ్ళి, ఆమె గుడిసె ముందు నిలబడి, ఎలా మొదలుపెట్టాలో తెలియక, కచేరీకి ఒకసారి రావాలని మాత్రమే చెప్పగలిగింది. ఉచ్చెంగమ్మ ఎందుకని అడగలేదు.

కచేరీలో గురురాజ కుర్చీ చూపించాడు. ఆమె గడప పక్కన గొంతుకూర్చుంది.

"ఈయమ్మ చేతికి పచ్చబొట్టు పొడిచింది నువ్వేనా?"

"నేనే."

"పొడిచేకి ముందు ఆ తావున నల్ల చుక్క ఉండెనా?"

"ఉండె."

"నీ కండ్లతో చూసినావా?"

"చూడకుంటే దాని మీద ఎట్ల పొడుస్తారప్పా?"

గురురాజ వాక్యం రాసుకుని, సిరా మెత్త ముందుకు జరిపాడు. ఉచ్చెంగమ్మ బొటనవేలు అద్దింది. అద్దుతూ, బల్ల మీద చాచిన ఆయన ముంజేతిని అలవాటుగా పరీక్షించి, "ఇట్లాంటి చేతి మీద రంగు నిలవదు," అని లేచింది. గురురాజ దాన్ని పొగడ్త అనుకున్నాడు.

బయటికి వచ్చాక పంకజాక్షి తల దించుకుని, "నీ చేత అబద్ధం చెప్పించినాను అవ్వా," అంది.

"అబద్ధమేముంది? ఆ పొద్దు మసితో నల్ల చుక్క పెట్టింది నేనే కదా! దాని మీదనే పొడిచినా. ఆ చుక్క ఎవరు పెట్టినారని ఆయప్ప అడగలేదు, నేను చెప్పలేదు." కొంత దూరం నడిచాక, "కచేరోళ్ళు అడగాల్సింది అడగరమ్మా," అంది.

ఆగస్టు ఇరవై నాటికి పంకజాక్షి మోక బస్సు ఎక్కింది. బడి అంటే ఊరి చావడిలో ఒక గది. పట్టికలో పద్దెనిమిది మంది ఆడపిల్లలు. గదిలో నలుగురు. వాళ్ళలో ఇద్దరు చంకన తమ్ముళ్ళను వేసుకుని వచ్చినవాళ్ళు. ట్రైనింగులో నేర్పిన ప్రకారం పంకజాక్షి ఇంటింటికీ వెళ్ళి, విద్య వల్ల కలిగే లాభాలను వివరించింది. ఆడవాళ్ళు మర్యాదగా విని, చేటల్లో జొన్నలు చెరుగుతూ, చూద్దాంలే అన్నారు.

నాలుగో ఇంట్లో నాగక్క అనే ఆమె, లాభాలు రెండోదాని దగ్గర ఉండగా, పంకజాక్షి చెయ్యి లాక్కుంది.

"ఇది ఉచ్చెంగమ్మ చెయ్యి కదా! తోక చూస్తానే తెలిసె. ఓ లక్ష్మక్కా, ఈడికి రా, టీచరమ్మకు తేలు ఉండాది చూడు!"

పది నిమిషాల్లో ఆ వాకిలి నిండా చేతులే. ఎవరికి ఏ ఏడు పొడిచింది, ఎవరు మూర్ఛపోయారు, ఎవరి చిలక ముక్కు వంకరపోయింది అన్నీ బయటికి వచ్చాయి. పంకజాక్షి కూడా కూర్చుని తన రెండంగుళాల బేరం చెప్పింది. మరునాడు గదిలో పదకొండు మంది పిల్లలున్నారు. విద్య వల్ల కలిగే లాభాలను ఆమె ఆ తర్వాత ఎవరికీ వివరించలేదు.

పిల్లలు వారం తిరగకముందే ఆమెకు తేలు పంతులమ్మ అని పేరు పెట్టేశారు. ఊరూ అదే పేరు వాడుకుంది. నవంబరులో ఒక తనిఖీ అధికారి వచ్చి, బస్సు దిగిన చోటే, ఇక్కడ పంకజాక్షి అనే టీచరు ఉందా అని అడిగితే, అటువంటి వాళ్ళెవరూ ఈ ఊళ్ళో లేరని అందరూ ఒకే మాటగా చెప్పి, అదే బస్సులో ఎక్కించి పంపారు. వారం తర్వాత, ఉద్యోగంలో ఎందుకు లేవో సంజాయిషీ ఇవ్వమని కచేరీ నుంచి కాగితం వచ్చింది. కింద గురురాజ సంతకం, ఎప్పటిలాగే ముద్దుగా ఉంది. పంకజాక్షికి ఒకప్పుడైతే నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు, పంకజాక్షి, తేలు పంతులమ్మ ఒక్కరేనని ధ్రువీకరిస్తూ ముప్పై నాలుగు వేలిముద్రలు తీయించి, మధ్యాహ్నం బస్సు కండక్టరు చేతికిచ్చి పంపించింది. వాళ్ళ ఫైలుకు ఎంత మేత కావాలో ఆమెకు అంచనా దొరికింది.

జొన్నకోతలు అయిపోయిన రోజుల్లో నాగక్క, కూతురు ఈరమ్మను రెక్క పట్టుకుని బడికి తీసుకొచ్చింది. ఈరమ్మకు పదేళ్ళు. అంతకుముందు చెట్లు ఎక్కుతుండేది. ఇప్పుడు మూడో ఎక్కం దాకా వచ్చింది.

"పంతులమ్మా, వచ్చే అమావాస్యకు ఉచ్చెంగమ్మ వస్తాందంట. దీనికి తేలు పొడిపించల్లని ఉండా. నీదాని మాదిరే. నువ్వు ఒక మాట చెప్తే ఆయమ్మ బాగా చూసి పొడుస్తాది."

"నేను చెప్తాను గానీ, ముందు పాపను అడిగినావా?"

"ఎవరిని?"

"ఈరమ్మను. ఏం కావాలో."

నాగక్క, కుండను అడిగినావా అన్నట్టు చూసింది. పంకజాక్షి సుద్దముక్క పక్కన పెట్టి, ఈరమ్మ ముందు కింద కూర్చుని, "చెప్పు, చేతి మీద ఏం బొమ్మ కావాలి నీకు?" అంది.

ఈరమ్మ తల్లి వైపు చూసింది. పంతులమ్మ చేతి వైపు చూసింది. తేలంటే ఆమెకు గౌరవమే. కానీ అడిగినప్పుడు చెప్పకపోతే మళ్ళీ అడుగుతారో లేదో.

"బస్సు," అంది.

"నీ నోట్లో మన్ను పొయ్యా! ఆడపిల్ల చేతి మీద బస్సేందే?" నాగక్క నెత్తి కొట్టుకుంది. గదిలో పిల్లలందరూ గొల్లుమన్నారు.

పంకజాక్షి నవ్వలేదు. ఈరమ్మ చెయ్యి ఒడిలోకి తీసుకుని, మణికట్టు నుంచి మోచేతి దాకా వేలితో కొలుస్తూ, "పొడుగు సరిపోతుంది. చక్రాలు ఎన్ని కనపడాలి? రెండా, నాలుగా?" అని అడిగింది.

"ఒక పక్కనుంచి చూస్తే రెండే కనపడతాయి పంతులమ్మా," అంది ఈరమ్మ, అదీ తెలియదా అన్నట్టు.